వాల్‌మార్ట్ వచ్చిన చోట జీతాలు తగ్గుతాయా? చిన్న దుకాణాలు దానివల్లే మూతపడ్డాయా?

శ్రీలత
అందరికీ నమస్కారం. అమెరికాలో వాల్‌మార్ట్ లాంటి పెద్ద డిస్కౌంట్ స్టోర్ల గురించి ఇక్కడ వేరే చర్చల మధ్యలో నాలుగు ముక్కలు అనుకుని వదిలేస్తున్నాం. ఈసారి దానికోసమే చర్చ మొదలుపెడుతున్నాను.

సరుకు చవగ్గా దొరికితే ఎక్కువ మేలు జరిగేది తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకే అని కొందరంటారు. ఆ చవక వెనక పనివాళ్ల జీతం కోత ఉంది, మెయిన్ స్ట్రీట్ (ఊరి మధ్య బజారు) దుకాణాల మూత ఉంది అని ఇంకొందరు. రెండిట్లోనూ నిజం ఉందని నాకు తెలుసు, ఎంతెంత ఉందో తెలియదు. కొలిచి చూసినవాళ్లు ఏం తేల్చారో చెప్పండి. లోపల పనిచేసినవాళ్లు ఉంటే వాళ్ల మాట ఇంకా కావాలి.

ప్రసాద్ వి.
మొదటి వాదన నేనే మొదలుపెడతాను. 1962 జూలైలో శామ్ వాల్టన్ ఆర్కాన్సాలోని రోజర్స్‌లో మొదటి వాల్‌మార్ట్ తెరిచాడు. కేమార్ట్, టార్గెట్ కూడా అదే ఏడాది పుట్టాయి. ఆ రెండూ పెద్ద నగరాలు చూసుకుంటే ఇతను ఎవరూ పట్టించుకోని చిన్న టౌన్లకు వెళ్లాడు. అక్కడివాళ్లు అప్పటిదాకా ఉన్న ఒకటి రెండు దుకాణాలు ఎంత చెబితే అంత ఇచ్చేవాళ్లు. ఆ సంగతి మర్చిపోయి, పాత రోజులన్నీ బంగారం అన్నట్టు మాట్లాడటం సరికాదు.

ధరల మీద ఎమెక్ బాస్కర్ అనే ఆర్థికవేత్త 2005లో చేసిన పరిశోధన ఉంది. ఆస్పిరిన్, షాంపూ, టూత్‌పేస్ట్, బట్టల సబ్బుపొడి లాంటి వాటి ధర, వాల్‌మార్ట్ వచ్చిన నగరంలో మొదట ఒకటిన్నర నుంచి మూడు శాతం తగ్గింది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ తగ్గుదల దానికి నాలుగింతల దాకా వెళ్లింది. పోటీ దుకాణాలు కూడా ధర దించాల్సి వచ్చింది కాబట్టి, అందులో అడుగు పెట్టనివాళ్లకూ లాభమే. నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలని కుటుంబానికి ఇది చిన్న విషయం కాదండీ.

కృష్ణమోహన్
ప్రసాద్ గారు చెప్పిన ధరల లెక్క సరైనదే. అదే బాస్కర్ ఉద్యోగాల మీద కూడా రాశారు. స్టోర్ తెరిచిన ఏడాది ఆ కౌంటీలో (మన జిల్లా లాంటిది) చిల్లర వ్యాపారంలో సుమారు 100 ఉద్యోగాలు పెరిగాయి. తర్వాత ఐదేళ్లలో చుట్టుపక్కల దుకాణాలు మూతపడుతూ ఆ పెరుగుదలలో సగం పోయింది. టోకు వ్యాపారంలో మరో 20 దాకా పోయాయి. ఎందుకంటే వాల్‌మార్ట్ టోకు పని తానే చేసుకుంటుంది.

2008లో న్యూమార్క్, జాంగ్, సిక్కరెల్లా అనే ముగ్గురు వేరే పద్ధతిలో చూసి ఇంతకంటే చేదు ఫలితం చెప్పారు. కౌంటీ మొత్తం మీద చిల్లర వ్యాపారంలో సుమారు 150 ఉద్యోగాలు తగ్గాయి. అంటే వాల్‌మార్ట్‌లో ఒకరికి పని దొరికితే బయట దాదాపు 1.4 మందికి పోయిందన్నమాట.

ఇద్దరి లెక్కా ఎందుకు కలవలేదో చూస్తే అసలు చిక్కు తెలుస్తుంది. వాల్‌మార్ట్ స్టోరు ఎక్కడ పడితే అక్కడ పెట్టదు. జనం పెరుగుతున్న చోటు చూసి పెడుతుంది. అలాంటి చోట ఉద్యోగాలు ఎలాగూ పెరుగుతాయి. ఆ పెరుగుదలను స్టోర్ ఖాతాలో వేస్తే తప్పు లెక్క వస్తుంది. బాస్కర్ ఈ సమస్య దాటడానికి స్టోర్ ఎప్పుడు తెరవాలని ముందు అనుకున్నారో, ఎప్పుడు తెరిచారో పోల్చారు. న్యూమార్క్ బృందం ఇంకో దారి పట్టింది. ఈ కంపెనీ బెంటన్‌విల్ అనే తన కేంద్రం నుంచి చుట్టూ కొద్దికొద్దిగా వ్యాపించింది. గిడ్డంగికి లారీ వెళ్లి రాగలిగిన దూరంలోనే కొత్త స్టోర్. కాబట్టి ఒక కౌంటీకి అది ఎప్పుడు చేరుతుందన్నది చాలావరకు బెంటన్‌విల్ నుంచి ఉన్న దూరాన్ని బట్టి ఉంటుంది, ఆ కౌంటీ బాగోగులను బట్టి కాదు. ఆ దూరాన్నే కొలబద్దగా తీసుకున్నారు.

నా మటుకు రెండో పద్ధతి మీద నమ్మకం ఎక్కువ. అయితే రెండూ చెబుతున్నది ఒకటుంది. స్టోర్ ప్రారంభం రోజు కంపెనీ ప్రకటించే "ఇన్ని వందల కొత్త ఉద్యోగాలు" అన్న సంఖ్య నిలవదు.

సుజాత ఆర్.
మరి జీతాల సంగతి? శ్రీలత గారు మొదట అడిగింది అదే కదా.

కృష్ణమోహన్
అక్కడికే వస్తున్నాను సుజాత గారూ. అరింద్రజిత్ దూబే, మరో ఇద్దరు 1992 నుంచి 2000 దాకా చూశారు. ఒక్కో కొత్త స్టోర్‌తో ఆ కౌంటీలో కిరాణా, సాధారణ సరుకుల రంగంలో సగటు జీతం అర శాతం నుంచి 0.9 శాతం దాకా తగ్గింది. వినడానికి చిన్న అంకె. కానీ ఇది ఆ రంగంలో పనిచేసే వాళ్లందరి సగటు. పైగా స్టోర్లు ఒకటితో ఆగలేదు.

ఇంకో సంగతి. స్టోర్ రాకముందే, వస్తుందన్న భయంతోనే జీతాలు కదిలిపోయిన సందర్భం ఉంది. 2003 అక్టోబరులో దక్షిణ కాలిఫోర్నియాలో సూపర్ మార్కెట్ కార్మికులు సుమారు 60 వేల మంది నాలుగున్నర నెలల పాటు పనికి దూరమయ్యారు. వాల్‌మార్ట్ సూపర్‌సెంటర్లు (కిరాణా కూడా అమ్మే పెద్ద స్టోర్లు) వస్తున్నాయి, ఈ జీతాలతో, ఈ ఆరోగ్య బీమాతో మేం తట్టుకోలేం అని యాజమాన్యాలు పట్టుబట్టాయి. చివరికి 2004 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరింది. పాతవాళ్లకు ఒక జీతపు వరస, కొత్తగా చేరేవాళ్లకు అంతకంటే తక్కువ వరస. ఒకే కౌంటర్లో పక్కపక్కన నిలబడి ఒకే పని చేసే ఇద్దరికి రెండు రకాల జీతం. ఈ నష్టం వాల్‌మార్ట్ పద్దుల్లో ఎక్కడా కనిపించదు.

ప్రసాద్ వి.
> ఈ నష్టం వాల్‌మార్ట్ పద్దుల్లో ఎక్కడా కనిపించదు.

ఒప్పుకుంటాను. కానీ ధర తగ్గడానికి కారణం జీతం కోత ఒక్కటే అన్నట్టు చర్చ నడుస్తోంది. అది నిజం కాదు. 1980ల్లోనే స్టోర్లన్నిటినీ ఉపగ్రహంతో కలిపారు. ఏ స్టోర్లో ఏ సరుకు ఎంత అమ్ముడైందో సరఫరాదారు స్వయంగా చూసుకునే ఏర్పాటు చేశారు. గిడ్డంగిలో సరుకు నిలవ ఉండదు. ఒక లారీ నుంచి దించి నేరుగా ఇంకో లారీలోకి ఎక్కిస్తారు. ఇది ఎవరి కడుపూ కొట్టకుండా సాధించిన పొదుపు.

వెంకట్
నేను పనిచేసినవాణ్ని, నా మాట చెప్తా. కంపెనీ పేరు వద్దు. పెద్ద డిస్కౌంట్ స్టోరే. రాత్రి షిఫ్టులో సరుకు దించి షెల్ఫులు సర్దే పని.

అందరూ గంటకు ఎన్ని డాలర్లు అని అడుగుతారు. ఎన్ని గంటలు ఇస్తారో ఎవరూ అడగరు. గంటకు రేటు పెరిగినప్పుడు సంతోషించినం. తర్వాత షెడ్యూల్ చూస్తే గంటలు తగ్గినయి. ఒక వారం చేతినిండా పని, మరో వారం అందులో సగం. అద్దె మాత్రం ప్రతి నెలా అంతే. రేపటి షిఫ్టు ఈ రోజు మారిపోతది. రాత్రి మూసివేత దాకా చేసి, తెల్లారకముందే మళ్లీ తెరవడానికి రమ్మంటారు. ఇంకో ఉద్యోగం చూసుకుందామంటే ఏ టైం ఖాళీ ఉంటదో మనకే తెల్వదు. "ఎప్పుడైనా రాగలను" అని రాసిచ్చినోళ్లకే గంటలు ఎక్కువ ఇస్తరు.

ప్రసాద్ అన్నా, సరుకు నిలవ ఉండకుండా లారీ నుంచి లారీకి ఎక్కించుడు గొప్పే. ఆ లారీ ఎప్పుడు వస్తే అప్పుడు దించడానికి మనుషులు కావాలె. సరుకును నడిపినట్టే మనుషులను కూడా నడిపిండ్రు. లారీ రాని రోజు మాకు గంటలు లేవు.

శ్రీలత
వెంకట్ గారూ, రాసినందుకు చాలా థాంక్స్. పరిశోధనల్లో "సగటు జీతం" అని ఒక మాటతో దాటేసేది మీ మాటల్లో కనిపించింది.

ప్రసాద్ వి.
వెంకట్ గారూ, ఆ వైపు నుంచి నేను ఆలోచించలేదు. ఎవరి కడుపూ కొట్టలేదన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. టెక్నాలజీ వల్ల పొదుపు ఉందన్న మాట మీద మాత్రం నిలబడతాను.

రమణమూర్తి
సరఫరాదారుల వైపు నుంచి ఒక ముక్క. నేను చాలాకాలం పంపిణీ రంగంలో ఉన్నాను.

వ్లాసిక్ అనే పచ్చళ్ల కంపెనీ కథ ఈ రంగంలో చాలామందికి తెలుసు. గ్యాలన్ జాడీ దోసకాయ ఊరగాయను వాల్‌మార్ట్ 2.97 డాలర్లకు అమ్మింది. విపరీతంగా అమ్ముడైంది, కంపెనీకి మాత్రం జాడీ మీద మిగిలింది పైసల్లోనే. చిన్న సీసాలు కొనేవాళ్లు కూడా ఆ జాడీకి మళ్లడంతో లాభం వచ్చే సరుకు దెబ్బతింది. 2001 జనవరిలో ఆ కంపెనీ దివాలా రక్షణ కోరింది. దానికి వేరే కారణాలూ ఉన్నాయి, మొత్తం ఈ జాడీ మీదకే తోయను. కానీ తన అమ్మకాల్లో పెద్ద వాటా ఒకే కొనుగోలుదారు చేతిలో ఉన్న సరఫరాదారు "గిట్టుబాటు కాదు" అని చెప్పలేడు. ఆ ఒత్తిడి ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి జీతం మీదకు దిగుతుంది. చిల్లర వ్యాపారం జీతాలు మాత్రమే లెక్కపెట్టే పరిశోధనల్లో ఇది పడదు.

ఇందులోనే చిన్న దుకాణం సమస్య కూడా ఉంది. పెద్దవాడికి కొనుగోలు ధర తగ్గించిన సరఫరాదారు ఆ లోటు ఎక్కడ పూడ్చుకుంటాడు? గట్టిగా అడగలేని చిన్న దుకాణం దగ్గర. చిన్న దుకాణదారు ఎంత కష్టపడినా, అతను కొనే ధర పెద్దవాడు అమ్మే ధరకు దగ్గర్లో ఉన్నప్పుడు ఇంకేం పోటీ పడతాడు?

ఫాతిమా ఎస్.
రమణమూర్తి గారు చెప్పినదాన్ని ఆపడానికి అమెరికాలో చట్టం ఉంది. 1936 నాటి రాబిన్సన్-ప్యాట్‌మన్ చట్టం. ఒకే సరుకును పోటీలో ఉన్న ఇద్దరు కొనుగోలుదారులకు, పోటీ దెబ్బతినేలా వేరు వేరు ధరలకు అమ్మకూడదు. పెద్ద మొత్తంలో ఇచ్చినప్పుడు ఖర్చు నిజంగా తగ్గితే ఆ మేరకు తగ్గించవచ్చు, అంతకు మించి కాదు. అప్పట్లో ఏ అండ్ పీ అనే గొలుసు దుకాణాల సంస్థను చూసి భయపడి తెచ్చిన చట్టం ఇది.

1980ల నుంచి ప్రభుత్వం దాన్ని దాదాపు పక్కన పెట్టేసింది. వినియోగదారుకు ధర తగ్గితే చాలు అన్న ఆలోచన ఆ రోజుల్లో బలపడింది. 2024 డిసెంబరులో వ్యాపారంలో పోటీని పర్యవేక్షించే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మళ్లీ ఆ చట్టం కింద ఒక మద్యం పంపిణీ సంస్థ మీద కేసు వేసింది. 2025 జనవరిలో పెప్సికో మీద కూడా వేసి, అదే ఏడాది మే నెలలో వెనక్కి తీసుకుంది. చిన్న దుకాణాలు చేతకాక పోయాయని తేల్చేముందు, వాటికోసం చేసిన చట్టం ఇన్నేళ్లు నిద్రపోయిందని గుర్తుంచుకోవాలి.

సుజాత ఆర్.
దుకాణాలు ఎన్ని మూతపడ్డాయో లెక్క ఉందా?

కృష్ణమోహన్
ఉంది. పాన్లే జియా 2008లో ప్రచురించిన పరిశోధన ప్రకారం 1980ల చివర నుంచి 1990ల చివరి దాకా చిన్న డిస్కౌంట్ దుకాణాల సంఖ్యలో వచ్చిన నికర తగ్గుదలలో 40 నుంచి 50 శాతానికి కారణం వాల్‌మార్ట్ విస్తరణ. సగం అనుకుందాం. మిగతా సగానికి వేరే కారణాలు ఉన్నాయి, కాబట్టి శ్రీలత గారి శీర్షికలోని "దానివల్లే" అన్న మాటకు సగం అవును.

అయోవా స్టేట్ యూనివర్సిటీలో కెన్నెత్ స్టోన్ 1980ల నుంచి చేసిన పరిశీలన ఇంకా విలువైనదని నా అభిప్రాయం. స్టోర్ ఉన్న టౌన్లో మొత్తం అమ్మకాలు పెరిగాయి, చుట్టుపక్కల నుంచి జనం అక్కడికి వచ్చారు కాబట్టి. అదే సరుకు అమ్మే దుకాణాలు నష్టపోయాయి. అక్కడ దొరకని సరుకో సేవో అందించేవాళ్లు కొందరు బాగుపడ్డారు కూడా. అసలు దెబ్బ తిన్నవి స్టోర్ లేని పక్క చిన్న ఊళ్లు. వాటికి ఉద్యోగాలూ రాలేదు, పన్నూ రాలేదు, కొనుగోలుదారులు మాత్రం పోయారు.

వెంకట్
మరి ఆ స్టోరే ఎత్తేస్తే?

ఫాతిమా ఎస్.
2016 జనవరిలో అదే జరిగింది వెంకట్ గారూ. ప్రపంచం మొత్తం మీద 269 స్టోర్లు మూసేస్తున్నామని వాల్‌మార్ట్ ప్రకటించింది. అమెరికాలో 154. వాటిలో 102 ఎక్స్‌ప్రెస్ అనే చిన్న రకం స్టోర్లు, చాలావరకు చిన్న టౌన్లలో పెట్టినవి. నార్త్ కరోలినాలో ఓరియెంటల్ అనే ఊళ్లో ఎక్స్‌ప్రెస్ వచ్చాక అక్కడ ఏళ్ల తరబడి ఉన్న కిరాణా దుకాణం 2015లో మూతపడింది. కొద్ది నెలలకే ఎక్స్‌ప్రెస్ కూడా వెళ్లిపోయింది. వెస్ట్ వర్జీనియాలో మెక్‌డవల్ కౌంటీ బొగ్గు గనులు పడిపోయి అప్పటికే నీరసించిన ప్రాంతం, అక్కడి సూపర్‌సెంటర్ కూడా ఆ జాబితాలోదే. పోటీని తుడిచేశాక తనూ వెళ్లిపోతే ఆ ఊరికి మిగిలేది దూరప్రయాణం. కారు లేని ముసలివాళ్ల గురించి ఆలోచిస్తే నాకు కోపం వస్తుంది, దాచుకోను.

ప్రసాద్ వి.
దీనికి నా దగ్గర జవాబు లేదు ఫాతిమా గారూ. లాభం లేని స్టోర్ నడపమని కంపెనీని బలవంతం చేయలేం, కానీ ఊరిని అలా వదిలేయడం అన్యాయమే.

జీతాల విషయంలో మాత్రం ఒక మాట. 2015లో వాల్‌మార్ట్ కనీస జీతం గంటకు 9 డాలర్లు చేసింది, మరుసటి ఏడాది 10. సుమారు ఐదు లక్షల మందికి పెరిగింది. ఆ వెంటనే టార్గెట్, టీజేఎక్స్ అనే మరో గొలుసు దుకాణాల సంస్థ కూడా 9 అన్నాయి. 2018లో 11, 2023లో 14. ఫెడరల్ కనీస వేతనం మాత్రం 2009 జూలై నుంచి 7.25 దగ్గరే ఉంది. చట్టం కదలనప్పుడు కంపెనీయే కదిలిందిగా?

కృష్ణమోహన్
కదిలింది. దాని అర్థమేమిటో చూడండి. ఒక కంపెనీ జీతం పెంచితే మిగతా కంపెనీలు పెంచాయంటే, అంతకుముందు అది పెంచకుండా ఉన్నన్నాళ్లు మిగతావాళ్లు కూడా అక్కడే ఆగి ఉన్నారన్నమాట. అమెరికాలోనే 16 లక్షల మంది పనిచేసే సంస్థ అది. చిన్న కౌంటీలో అంత పెద్ద యజమాని ఉంటే, పనివాడికి "ఇక్కడ నచ్చకపోతే పక్క దుకాణానికి పోతాను" అనే అవకాశం ఉండదు. పక్క దుకాణం అప్పటికే పోయింది. చిన్న దుకాణాల సమస్య, జీతాల సమస్య వేరు వేరు కావని నేననేది ఇందుకే. దుకాణం మూతపడితే కొనేవాడికి ఒక ఎంపిక పోతుంది, పనివాడికి ఒక యజమాని పోతాడు.

జస్టిన్ విల్ట్‌షైర్ అనే ఆర్థికవేత్త సూపర్‌సెంటర్ వచ్చిన కౌంటీలను, రావాలని ప్రయత్నించినా స్థానికుల వ్యతిరేకతతో ఆగిపోయిన కౌంటీలతో పోల్చారు. వచ్చిన చోట్ల ఉద్యోగాలు, సంపాదన తగ్గాయనే తేలింది, జీతం విషయంలో పెద్ద యజమానికి ఉండే ఈ బేరశక్తి వల్లేనని ఆయన వాదన.

శ్రీలత
నాకు ఇంకో ప్రశ్న. ఈ కంపెనీల ఉద్యోగులు ప్రభుత్వ ఆహార సహాయం మీద బతుకుతున్నారని అంటారు. అది ప్రచారమా, నిజమా?

ఫాతిమా ఎస్.
నిజం. సెనేటర్ బెర్నీ శాండర్స్ అడిగితే అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2020లో నివేదిక ఇచ్చింది. వాళ్లు చూసిన రాష్ట్రాల్లో ఆహార సహాయం, మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) పొందుతున్న ఉద్యోగులు ఎక్కువగా పనిచేసే సంస్థల్లో వాల్‌మార్ట్ ముందు వరసలో ఉంది. ఆ పథకాల్లో ఉన్న జీతగాళ్లలో సుమారు 70 శాతం పూర్తికాలం పని గంటలు చేస్తున్నవాళ్లే.

దీనిమీద చట్టం చేయబోయిన రాష్ట్రం మేరీలాండ్. పదివేల మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ జీతాల పద్దులో 8 శాతం ఆరోగ్యం మీద ఖర్చు చేయాలని 2006లో చట్టం తెచ్చారు. అదే ఏడాది ఫెడరల్ కోర్టు కొట్టేసింది, 2007లో అప్పీల్ కోర్టు కూడా అదే అంది. షికాగో నగర మండలి 2006లో పెద్ద స్టోర్లకు ప్రత్యేక కనీస వేతనం పెడితే మేయర్ వీటో చేశారు. వాషింగ్టన్ డీసీలో 2013లోనూ అంతే.

రమణమూర్తి
యూనియన్ ఉంటే ఇంత అవస్థ ఉండేది కాదేమో.

ఫాతిమా ఎస్.
పెట్టుకోనివ్వలేదండీ. 2000లో టెక్సస్‌లోని జాక్సన్‌విల్‌లో మాంసం కోసే విభాగంవాళ్లు యూనియన్‌కు ఓటేశారు. కొద్ది రోజులకే ఆ ప్రాంతంలోని చాలా స్టోర్లలో ఇక ముందే ప్యాక్ చేసిన మాంసమే అమ్ముతామని కంపెనీ ప్రకటించింది. కెనడాలో క్యూబెక్‌లోని జోంకియేర్ స్టోర్ కార్మికులు 2004లో యూనియన్ గుర్తింపు తెచ్చుకుంటే 2005లో స్టోరే మూసేశారు. కెనడా సుప్రీంకోర్టు 2014లో కార్మికుల పక్షాన తీర్పిచ్చింది. తొమ్మిదేళ్ల తర్వాత!

జర్మనీలో మాత్రం కథ వేరు. 1997లో వెళ్లి 2006లో 85 స్టోర్లు మెట్రో అనే జర్మన్ సంస్థకు అమ్మేసి వచ్చేశారు. కారణం యూనియన్లు ఒక్కటే అనను, ఆల్డీ, లిడ్ల్ అనే అక్కడి డిస్కౌంట్ గొలుసు దుకాణాలు అప్పటికే ఇంకా చవగ్గా అమ్ముతున్నాయి. 2000లో అక్కడి పోటీ నియంత్రణ కార్యాలయం పాలు, పంచదార లాంటివి కొన్న ధరకంటే తక్కువకు అమ్మొద్దని వాల్‌మార్ట్‌తో పాటు ఆ రెండిటినీ కూడా ఆదేశించింది.

సుజాత ఆర్.
ఇప్పుడు డాలర్ స్టోర్ల (చవక సరుకు అమ్మే చిన్న గొలుసు దుకాణాల) మాటేమిటి? చిన్న ఊళ్లలో ఎక్కడ చూసినా అవే కదా.

కృష్ణమోహన్
డాలర్ జనరల్ ఒక్కదానికే అమెరికాలో 20 వేలకు పైగా స్టోర్లు. వాల్‌మార్ట్ కూడా రానంత చిన్న చోట్లకు వెళ్తుంది. ఒక్కో స్టోర్లో పనిచేసేది కొద్దిమందే, తాజా కూరగాయలు చాలా స్టోర్లలో ఉండవు. ఓక్లహోమాలో టల్సా నగరం 2018లో ఒక ప్రాంతంలో వీటి మధ్య దూరం ఉండాలని నిబంధన పెట్టింది. తర్వాత వేరే నగరాలూ అదే దారి పట్టాయి.

వెంకట్
అన్నీ చదివిన. నాకు ఒకటే అడగాలని ఉంది. షెడ్యూల్ మీద చట్టం ఏదైనా ఉన్నదా? గంటకు రేటు మీద ఇంత కొట్లాట జరిగింది, గంటల మీద ఎవరన్నా కొట్లాడిండ్రా?

ఫాతిమా ఎస్.
కొట్లాడారు వెంకట్ గారూ. శాన్ ఫ్రాన్సిస్కో 2014లో మొదలుపెట్టింది. తర్వాత సియాటిల్. రాష్ట్రం మొత్తానికి చట్టం చేసింది మొదట ఓరెగాన్, 2017లో. 500 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న చిల్లర వ్యాపార, హోటల్, ఆహార సంస్థలకు వర్తిస్తుంది. మొదట వారం ముందు షెడ్యూల్ ఇవ్వాలన్నారు, 2020 నుంచి రెండు వారాలు. ఆ తర్వాత మారిస్తే అదనంగా చెల్లించాలి. రాత్రి షిఫ్టుకు, మర్నాటి షిఫ్టుకు మధ్య విరామం ఉండాలి. జార్జియా లాంటి కొన్ని రాష్ట్రాలు మాత్రం నగరాలు ఇలాంటి నిబంధనలు పెట్టుకోకుండానే అడ్డుపడ్డాయి.

వెంకట్
రెండు వారాల ముందు తెలిస్తే రెండో ఉద్యోగం చేసుకోవచ్చు, పిల్లలను ఎవరి దగ్గర వదలాలో చూసుకోవచ్చు. నేను పనిచేసిన రాష్ట్రంలో ఇది లేదు. మా దగ్గర దీనికోసం ఎవరైనా తిరుగుతున్నారేమో కనుక్కుంటా. ఫాతిమా గారూ, ఓరెగాన్ చట్టంలో విరామం ఎన్ని గంటలు ఉండాలన్నరు?

ఫాతిమా ఎస్.
పది గంటలు. అంతకంటే ముందే రమ్మంటే ఉద్యోగి ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే ఆ విరామంలో చేసిన గంటలకు ఒకటిన్నర రెట్ల జీతం ఇవ్వాలి.